తెల్ల స్లాబు కింద పిల్ల

మిట్టమధ్యాహ్నం. చిన్న కోడలు కాగితం పట్టుకుని వీధి దాటి, ఎదుటి పెద్ద మేడ పై అంతస్తులో ఉండే తోడికోడలి గుమ్మంలో నిలబడింది.

“నా కూతురు పలకదేం, అక్కా?”

“నిద్రపోతోంది. మెల్లగా మాట్లాడు.”

“మా ఇంట్లో చెమటకాయలతో నిమిషం కన్ను మూయదు. ఇక్కడ మాత్రం మహారాణి!”

“కరెంటు పొదుపు చట్టం వచ్చాక ఎండ వేడి దిగకుండా మా స్లాబుకి తెల్లరంగు వేశారు కదా. ఫ్యాను ఒకటిలో పెట్టినా చాలు.”

“వేసింది నీ మరిదేగా! నీ నెత్తిన చల్లదనం పూసి, పెనంలా కాలే మా స్లాబు కిందికొచ్చి వేగుతాడు. పెద్ద మేడలకేనట చట్టం! చిన్న మేడల్లో ఉండేది మనుషులు కాదా?”

“నా మీద అరుస్తావేం? నేను రాశానా చట్టం?”

“కుళ్లుతో అరుస్తున్నా. ‘పెద్దమ్మ ఇల్లే నా ఇల్లు’ అంది నిన్న ఇది. కడుపు మండిపోయింది. చట్టం మాకూ పెట్టమని అర్జీ రాశాం. వీధంతా సంతకం చేసింది, నువ్వు తప్ప.”

“అక్కడ పెట్టి వెళ్లు. చూస్తాను.”

“మొన్నా ఇదే మాట. మేం చల్లగా ఉంటే నీకేం తరుగుతుంది? ఎందుకంత ఏడుపు?”

“ఏడుపే! నీకు పిల్ల ఉంది. నాకు ఈ చల్లటి గదే ఉంది. మీ ఇల్లూ చల్లబడితే అది ఇక్కడికెందుకొస్తుంది?”

“...రాకపోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకొస్తా. ఒట్టు. పెట్టక్కా సంతకం.”

“పెడతాలే. ముందు దాన్ని లేవనీ. ఇంకో గంట పడుకోనీ.”