నడవలో వేసిన కుర్చీ

పందొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూలై ఐదవ తేదీ, సోమవారం ఉదయం, విద్యుత్ నియంత్రణ మండలిలో ఇద్దరు యువ ఇంజనీర్లు ఉద్యోగంలో చేరారు. వారిలో ముందుగా కార్యాలయానికి వచ్చినవాడు ఈ వ్యాసకర్త. ముందుగా సంతకం చేసినవారు, నేడు పదవీ విరమణ చేస్తున్న మన విద్యుత్ నిల్వ విభాగాధిపతి, అందరూ ఆప్యాయంగా 'బ్యాటరీగారు' అని పిలుచుకునే పెద్దమనిషి. కలం తెచ్చుకోవడం మరిచిపోయిన ఆయన, "ఒక్క నిమిషం ఇస్తారా?" అంటూ ఈ వ్యాసకర్త చేతిలోని కలం అందుకుని, రిజిస్టరులో పై గీత మీద సంతకం చేసేశారు. ఆ ఒక్క గీత తేడాతో ఆయన సీనియరూ, ఈ వ్యాసకర్త జూనియరూ అయ్యారు. ఆ వరుస నేటికీ మారలేదు. కలం కూడా తిరిగి రాలేదు. అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది.

ఈ సంచిక సంపాదకులు వ్యాసం కోరుతూ, "మీకంటే ఆయన్ని దగ్గరగా చూసినవాళ్ళు ఎవరున్నారండీ?" అన్నారు. నిజమే. ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని ఈ వ్యాసకర్త ఇన్నేళ్ళూ చూశాడు, చూసి ఏడ్చాడు కూడా. 'అసూయ' అనే మాట అభినందన సంచికలో శోభించదని వారే తర్వాత సున్నితంగా సూచించారు. నిఘంటువు తిరగేసినా అంతకంటే అతికిన మాట దొరకనందున దానినే ఉంచడమైనది. ఈ వ్యాసకర్త అర్ధాంగి మాత్రం, "రాస్తే రాయండి గానీ పళ్ళు నూరకండి, పక్క గదిలోకి వినిపిస్తోంది" అని హెచ్చరించింది.

తొలినాళ్ళలో బ్యాటరీగారు ధరల నిర్ణయ విభాగంలో సేవలందించి, అనంతరం దేశమంతటి విద్యుత్ రాకపోకలను క్షణక్షణం అదుపు చేసే గ్రిడ్ నియంత్రణ కేంద్రానికి బదిలీపై వెళ్ళారు. విద్యుత్తు పుట్టిన క్షణంలోనే ఖర్చైపోవాలి తప్ప దాచుకునే వీలు లేదని పాఠ్యపుస్తకాలు ఘోషించిన రోజులవి. ఎండ కాస్తున్నంతసేపూ సౌర విద్యుత్తు కొనేవారు లేక వృథా కావడం, పొద్దు వాలగానే దేశమంతా ఒక్కసారి దీపాలు వేయడం ఆయన ఆ కేంద్రపు తెరలపై ఏళ్ళ తరబడి గమనించారు. తిరిగి వచ్చిన రోజున ఆయన అన్న మాట ఒకటే. "మధ్యాహ్నం పారబోస్తున్నాం, సాయంత్రం అడుక్కుంటున్నాం. ఇదేం కాపురమయ్యా?" ఆయనతోపాటే బదిలీ అయి, ఆ తెరల ముందు ఈ వ్యాసకర్త కూడా అన్నేళ్ళూ కూర్చున్నాడు. ఆ వాక్యం మాత్రం ఆయనకే తట్టింది.

ఆయన పేరు దేశమంతటా మారుమోగిన సందర్భం ఇక చెప్పక తప్పదు. మన బహిరంగ విచారణల హాలులో ఎడమవైపు వరుసలు ఉత్పత్తిదారులకు, కుడివైపు వరుసలు వినియోగదారులకు కేటాయించడం ఆనవాయితీ. పన్నెండేళ్ళ క్రితం ఒక విచారణకు, దేశంలో తొలి బ్యాటరీ కేంద్రం తరఫున ఒక బక్కపలచటి ఇంజనీరు వచ్చి, సంచీ గుండెకు హత్తుకుని నడవ మధ్యలో నిలబడిపోయాడు.

"ఎటువైపు కూర్చుంటారు సార్?" అని అటెండరు అడిగాడు.

"అదే తెలియట్లేదండీ. మధ్యాహ్నం కరెంటు తీసుకుంటాను, సాయంత్రం తిరిగి ఇస్తాను. తీసుకున్నప్పుడు వినియోగదారుణ్ణని తీగల రుసుము వేస్తున్నారు. ఇచ్చినప్పుడు ఉత్పత్తిదారుణ్ణని మళ్ళీ వేస్తున్నారు. ఒకే కరెంటుకి రానూ పోనూ వాయించేస్తున్నారండీ."

హాలంతా గొల్లుమంది. బ్యాటరీగారు నవ్వలేదు. వేదిక మీద నుంచి లేచి, పక్కనున్న కుర్చీని రెండు చేతులా ఎత్తి తెచ్చి నడవ మధ్యలో వేశారు. "ఇక్కడ కూర్చోండి. మీకు చోటు లేకపోవడం మీ తప్పు కాదు, మా నియమాల తప్పు" అన్నారు. ఆ కుర్చీ, మైకు సరిచేయడానికి లేచిన ఈ వ్యాసకర్తది. తిరిగి చూస్తే కుర్చీ లేదు. అందరి ముందూ అడగలేక, గోడ పక్కన నిలబడ్డాడు.

భోజన విరామం దాకా నిలబడే ఉన్నాడు. మధ్యలో వినియోగదారుల ప్రతినిధి ఒకావిడ లేచి, "వీళ్ళకో రుసుము మినహాయిస్తే ఆ భారం మా ఇళ్ళ మీద పడదా? ఎంత పడుతుందో చెప్పండి, లేకపోతే ఇది ఇక్కడితో ఆపండి" అని నిలదీసింది. బ్యాటరీగారు గోడవైపు తిరిగారు. "సగటు ఇంటి బిల్లులో వెయ్యో వంతు కూడా రాదండీ. సాయంత్రం ధర తగ్గితే ఆ మాత్రం కూడా మిగలదు" అని ఈ వ్యాసకర్త లెక్క వివరించాడు. ఆవిడ తల ఊపి కూర్చుంది.

ఆ ఏడే 'నిల్వదారు' అనే మూడవ వర్గం అవతరించింది. రెండు రుసుముల బాధ తొలగింది. జాతీయ విద్యుత్ విపణిలో నిల్వ కేంద్రాలు తమ పేరుతో కొనడం, అమ్మడం మొదలైంది. నడవలో కుర్చీ ఛాయాచిత్రం పత్రికలకెక్కి, నేడు మన వరండాలో పటం కట్టి ఉంది. దాని అంచున కనిపించే మోచెయ్యి ఈ వ్యాసకర్తది. కొత్తగా చేరినవారికి ఆ పటం చూపించేటప్పుడు మోచేతి సంగతి ఎవరూ చెప్పరు.

ఆయన చివరి కృషి, ప్రస్తుతం పరిశీలనలో ఉన్న సంసిద్ధతా రుసుము ముసాయిదా. గ్రిడ్ పిలిచినా పిలవకపోయినా, నిండుగా సిద్ధంగా ఉన్న బ్యాటరీలకూ, నీటిని పైకి తోడి విద్యుత్తును దాచే కొండపై జలాశయాలకూ ఎంతో కొంత చెల్లించాలన్నది దాని సారాంశం. ఈ వ్యాసకర్త దానిని మొదటినుంచీ వ్యతిరేకించాడు. "ఊరికే ఉన్నందుకు జీతమేంటన్నా?" అంటే, "చెప్తాను, తొందరేంటి" అని ఆయన నవ్వి ఊరుకునేవారు. ఈలోగా ఆయన తర్వాత విభాగాన్ని ఎవరికి అప్పగించాలన్న చర్చ మొదలై, బయటి నిపుణుణ్ణి తెస్తారన్న పుకారు పుట్టింది. ఎదురు బల్ల మీద ఆశతో ఒక ఉద్యోగ జీవితమంతా గడిపిన ఈ వ్యాసకర్తకు తిండి సయించలేదు.

గత మాసంలో జరిగిన ఆయన చివరి విచారణలో ఎవరో అదే ప్రశ్న వేశారు, ఊరికే ఉన్నందుకు చెల్లింపేమిటని. బ్యాటరీగారు గోడవైపు చెయ్యి చూపించారు.

"ఒకప్పుడు మా సహోద్యోగి అక్కడ నిలబడ్డారండీ. ఆయన కుర్చీ లాక్కున్నది నేనే. అంతసేపట్లో ఆయన్ని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి ఆయన లేకపోతే మా నియమం ఆ పూటే పోయేది. మరి మిగతా సేపంతా ఆయన ఊరికే ఉన్నట్టా?" అని అడిగి, జవాబూ ఆయనే చెప్పారు. "పిలిస్తే పలకడానికి సిద్ధంగా నిలబడటం కూడా పనేనండీ. దానికి కూలి ఇవ్వాలి. మేమే ఆలస్యం చేశాం."

విచారణ ముగిశాక మండలి అధ్యక్షురాలు, "బయటి నిపుణుడెందుకు, గోడ పక్కనే ఉన్నారుగా" అన్నారు. అలా విభాగం ఈ వ్యాసకర్త చేతికి వచ్చింది. ఆయన మాటలకు కళ్ళు చెమర్చిన మాట వాస్తవం. అదే క్షణంలో కడుపు భగ్గుమన్న మాటా వాస్తవం. ఈ వ్యాసకర్త గొప్పతనాన్ని ఈ వ్యాసకర్త కంటే బాగా ఆయనే చెప్పారు. చప్పట్లన్నీ మళ్ళీ ఆయనకే వెళ్ళాయి.

వారి శ్రీమతి, మనందరికీ వదినగారు, "ఆఫీసులో బ్యాటరీలు చాలక ఇంట్లో మెట్ల కింద ఒకటి పెట్టించారు, నాకు చీపురు పెట్టుకునే చోటు లేదు" అని వాపోతున్నారు. అంటే ఆయనా ఇప్పుడు నిల్వదారే. వచ్చే విచారణకు ప్రజల్లో ఒకరిగా వస్తానని సెలవిచ్చారు. వారికి నడవలో కుర్చీ వేస్తానని అటెండరు ముందుకొస్తే, ఈ వ్యాసకర్త ససేమిరా అన్నాడు. ఆ కుర్చీ మరొకరు వేస్తే చూసి ఓర్చుకునే శక్తి అతనికి లేదు. వేదిక మీది తన కుర్చీనే తెచ్చి వేస్తానన్నాడు.

"మరి మీరెక్కడ కూర్చుంటారు సార్?" అన్నాడు అటెండరు.

"గోడ పక్కన చోటుందిగా."

బ్యాటరీగారు వదినగారి తోడుగా, చీపురుకు మరో చోటు చూపించి, నిండు ఆరోగ్యంతో దీర్ఘకాలం జీవించాలనీ, ప్రతి విచారణకూ తప్పక వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలనీ, ఈ వ్యాసకర్త తనకు ఓపిక ఉన్నంతకాలం ఆయనను చూసి కుళ్ళుకునే భాగ్యానికి నోచుకోవాలనీ మనఃపూర్వక ఆకాంక్ష.