పుచ్చుకున్నవారి గడి

కొత్తపేట దగ్గర కొబ్బరి పీచు ఎగుమతి చేసే కంపెనీ అది. మధ్యాహ్నం రెండింటికి విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిటరు వస్తాడనగా, ఉదయం పదకొండింటికి లీగల్ ఆఫీసరు శారోన్ కానుకల రిజిస్టరు చంకన పెట్టుకుని గేటు గదిలోకి వచ్చింది. లోపల గేటు పుస్తకం ముందు వాచ్‌మన్ బుల్లబ్బాయి కూర్చుని ఉన్నాడు.

"రిజిస్టరు ఖాళీగా ఉంటే మంచిదే కదండీ మేడమ్ గారూ? ఎవరూ ఏమీ పుచ్చుకోలేదనేగా దానర్థం?"

"రెండేళ్లు, బాబాయ్ గారూ. రెండేళ్లలో మన కంపెనీలో ఒక్కళ్లు కూడా బయటివాళ్ల దగ్గర ఒక అరటిపండైనా పుచ్చుకోలేదంటోంది ఈ పుస్తకం. కోనసీమలో! ఆడిటరు నమ్ముతాడా?"

"చెన్నై ఆయన కదండీ. నమ్మొచ్చు."

"నేనే నమ్మట్లేదు. రిజిస్టరు కొన్నది నేను, అట్ట వేసింది నేను, పైన స్టిక్కరు అంటించింది నేను. లోపల మాత్రం ఒక్క అక్షరం లేదు."

"స్టిక్కరు బాగుందండి."

"నిజం చెప్పండి. ఇందులో రాయాలని మీకు తెలుసా, తెలీదా?"

"ఎందుకు తెలీదండీ, ట్రైనింగులో చెప్పేరు కదా."

"మరి ఎందుకు రాయలేదు?"

"మీరు లంచాలు రాయమన్నారనుకున్నాం. మాకెవరూ లంచం ఇవ్వలేదు మరి."

"లంచం కాదు, కానుక. మనకి సరుకు అమ్మేవాళ్లు మనవాళ్లకి ఏమిచ్చినా సరే, రాయాలి. పాలసీలో పన్నెండో పేజీలోనే..."

"నలభై పేజీలండి అది. ఇంగ్లీషులో. మా కోడలు లక్ష్మీతులసి ఎమ్మెస్సీ చదివింది, ఆమె చేతికిచ్చేను. నాలుగో పేజీ దగ్గర నిద్రపోయింది."

"రాస్తూ నేనే రెండుసార్లు నిద్రపోయేను లెండి."

"ఆయ్. అయితే మా కోడలి తప్పేం లేదండి."

"లేదు, నాదే. మీకు నాలుగు ముక్కలు తెలుగులో రాసి గేటు దగ్గర అంటించాల్సింది. నేను లా చదివినట్టు అందరికీ తెలియాలి కదా, అందుకని నలభై పేజీలు రాసేను. సరే, మీ గేటు పుస్తకం ఇలా ఇవ్వండి."

"నాదెందుకండీ?"

"ఆడిటరు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తాడు."

"అందులో ఉత్తి కొబ్బరి డొక్కల లారీలండి. వచ్చిన లారీ, దించిన డొక్కలు. అంతే."

"చూస్తాను."

"దుమ్ముగా ఉందండి. తుడిచి మధ్యాహ్నానికి పైకి..."

"బాబాయ్ గారూ."

"ఆయ్. ఇదిగోండి."

"మే పన్నెండు. డొక్కల లారీ ఒకటి, కె.గంగవరం వరహాలమ్మ గారిది. ముంజకాయల గెలలు రెండు, క్వాలిటీ చూసే రవితేజ గారికి. లేతవి. 'లేతవి' అని కూడా రాసేరా?"

"లేతవేనండి. నేను చూసేను."

"చూసేరా, తిన్నారా?"

"తినకుండా ఎలా తెలుస్తుందండీ?"

"జూన్ మూడు, అరటిగెల, స్టోర్సు వారికి. జూన్ తొమ్మిది, మామిడితాండ్ర, అకౌంట్సు వారికి. జూన్ పదకొండు, మళ్లీ అరటిగెల. బాబోయ్! నా పుస్తకంలో లేనివన్నీ ఇక్కడున్నాయి!"

"గేటు దాటింది ఏదైనా రాయాలని, నేను ఉద్యోగంలో చేరినరోజే పెద్ద మేనేజరు గారు చెప్పేరండి. ఆయన ఒక్క వాక్యమే చెప్పేరు. గుర్తుండిపోయింది."

"బాగా తగిలింది, చాలు. మరి ఇవి ఎవరి చేతికి చేరేయో రాయలేదేం?"

"నా పుస్తకంలో ఆ గడి లేదండి. గేటు దాటేదాకానే నా పూచీ."

"నవంబరు ఏడు. బిర్యానీ పొట్లాలు నూట పది. వరహాలమ్మ గారి లారీలో. 'శారోన్ మేడమ్ గారి ట్రైనింగు నిమిత్తం.' ఇదేంటిది?"

"ఏదండీ?"

"కానుకలు పుచ్చుకోకూడదని నేను ట్రైనింగు ఇచ్చినరోజు, భోజనాలు డొక్కలమ్మే ఆవిడ పంపిందా?"

"మీరు మూడు గంటలు మాట్లాడతారని తెలిసి ఆవిడకి జాలేసిందండి."

"క్యాంటీన్‌లో చేయించేరనుకున్నాను. రెండు పొట్లాలు తిన్నాను కూడా."

"మూడండి. మీ అమ్మగారికని ఒకటి పట్టికెళ్లేరు."

"ఇంక నన్ను ఎవరైనా లీగల్ ఆఫీసరంటే నవ్వు రాదా? సరే. కూర్చోండి. మీరు చదవండి, నేను రాస్తాను. రెండేళ్లవీ ఎక్కించేద్దాం."

"ఏ రోజుది ఆ రోజే రాసినట్టు ఎక్కిద్దామండీ? నా దగ్గర నాలుగు రకాల పెన్నులున్నాయి. ఒకదానికి ఇంకు వెలిసిపోయినట్టు పడుద్ది, పాతదానిలాగే ఉంటుంది."

"అలా చేస్తే అది ఫోర్జరీ. ఇవాళ్టి తేదీ వేసి, పైన 'ఆలస్యంగా నమోదు' అని రాస్తాను. ఆలస్యమైతే ఆడిటరు చివాట్లు పెడతాడు, అంతే. అబద్ధం దొరికితే కంపెనీ పోతుంది."

"రాసేటప్పుడు తప్పు పడితే? వైట్‌నరు తెమ్మంటారా?"

"వైట్‌నరు ముట్టుకోకండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టాలి. కింద ఉన్నది కనబడాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. ఎవరి తప్పయితే వాళ్లు."

"ఎవరి తప్పయితే వాళ్లేనాండీ?"

"వాళ్లే. అటక మీద అవేంటి?"

"పాత పుస్తకాలండి. చెదలు పట్టేసేయి."

"దింపండి. ఏడేళ్లవి అడగొచ్చు."

"చెదలండీ మేడమ్ గారూ, చేతులకి..."

"నేను దింపుతాను లెండి. ఏవీ చెదలు? కొత్తవాటిలా ఉన్నాయి."

"లోపల ఉంటాయండి."

"బాబాయ్ గారూ, మీరు ఇందాకటి నుంచీ ఏదో..."

"టీ చెప్పమంటారా? అల్లం వేసి..."

"మార్చి పద్ధెనిమిది. లాజరు, ఒలుపు. పనసపొట్టు సంచి ఒకటి. ఎండీ గారికి."

"ఆయ్."

"లాజరు."

"ఈ చుట్టుపక్కల చాలామంది లాజర్లున్నారండి."

"కొబ్బరికాయలు ఒలిచే లాజర్లు ఎంతమంది?"

"ఒక్కడేనండి."

"మార్చి పద్ధెనిమిది. ఐదేళ్ల కిందట. అది నా ఇంటర్వ్యూ రోజు."

"అవునాండీ?"

"మీకు తెలుసు. గేటు దగ్గర 'భయపడకమ్మా' అని మజ్జిగ ఇచ్చింది మీరే."

"మజ్జిగ కూడా రాయాలాండి?"

"ఆ రోజు తెల్లారగట్ల కత్తి చప్పుడు విన్నాను. నాన్న పనసపొట్టు కొడుతున్నాడు. టకటకా టకటకా. మాకు వండుతారనుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్తే పప్పుచారే ఉంది. అడగలేదు. ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో మర్చిపోయేను."

"మీ నాన్న కొట్టినంత సన్నగా ఈ మండలంలో ఎవరూ కొట్టలేరండి."

"నలభై రెండు మంది వచ్చేరు ఆ ఇంటర్వ్యూకి. హైదరాబాదు నుంచి కూడా. పాపం, అందరూ సర్టిఫికెట్లే తెచ్చుకున్నారు. పనసపొట్టు తెచ్చుకున్నది నేనొక్కదాన్నే."

"అలా అనకండి. మీరు బాగా చదివేరని..."

"నా ట్రైనింగులో మూడో స్లైడు గుర్తుందా మీకు?"

"మీ ఫొటో ఉన్నది కదండీ."

"ఫొటో కింద ఏముంది?"

"'మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. ఏ సిఫార్సూ, ఏ కానుకా లేకుండా ఈ కుర్చీలో కూర్చున్నాను' అని. ఆ ఒక్క స్లైడూ తెలుగులో ఉందండి. అందుకే గుర్తు."

"నూట పది మంది చప్పట్లు కొట్టేరు. బిర్యానీ తిని."

"ఎండీ గారికి బాగా నచ్చిందని చెప్తే లాజరు కళ్లు తుడుచుకున్నాడండి. అంత మంచివాడు. దాన్ని లంచమంటే ఎలాగండీ?"

"ఆ మాట నాన్నకి ఎవరు చెప్పేరు?"

"నేనే లెండి. ఏదో మాటవరసకి..."

"తర్వాతి పుస్తకం. మార్చి పద్ధెనిమిది. లాజరు, పనసపొట్టు. ఆ తర్వాతి ఏడు, మార్చి పద్ధెనిమిది. లాజరు, పనసపొట్టు. ఏటా ఇస్తున్నాడా? నాకు తెలీకుండా?"

"మొత్తం ఆరండి. ఈ ఏటిదీ కలిపి. ఏడాది కూడా తప్పలేదు."

"అంటే నా ఉద్యోగానికి ఏటా రెన్యూవల్ కడుతున్నాడన్నమాట మా నాన్న."

"ఊరుకోండమ్మా. మీ రిజిస్టరు పెట్టి రెండేళ్లే కదా. పాతవి అక్కర్లేదేమో?"

"ఈ ఏటిదీ, నిరుటిదీ రాసి, మొదటిది దాస్తానా? నా పాలసీలో తొమ్మిదో నిబంధన ఏంటో తెలుసా?"

"నాలుగో పేజీ దాటలేదండి మేము."

"ఉద్యోగం కోసం ఇంట్లోవాళ్లు ఏమైనా ఇచ్చినట్టు తేలితే, విచారణ అయ్యేదాకా ఆ ఉద్యోగి పక్కకి తప్పుకోవాలి. ఎవరో రాయలేదు. నేనే రాసేను. ఎంత రోషంగా రాసేనో! ఎండీ మణికంఠ గారు కూడా 'ఇది కొంచెం ఎక్కువేమోనమ్మా' అన్నారు. 'లేదు సార్, ఉండాల్సిందే' అన్నాను."

"ఎండీ గారు పెద్దమనిషండి. ఆయన మాట వినాల్సింది."

"విన్నాను కదా, ఆయన పనసపొట్టు తిని 'నీకు ఉద్యోగం ఇచ్చేను' అంటే."

"మేడమ్ గారూ, ఈ పేజీ మీద టీ ఒలికిందనుకోండి..."

"గ్లాసు కింద పెట్టండి."

"ఆయ్."

"ఇంకా దూరంగా."

"పెట్టేనండి. పోనీ లాజరుకి ఫోను చేసి..."

"ఏమని అడగమంటారు? 'నాన్నా, నువ్విచ్చిన పనసపొట్టు కానుకా, లంచమా' అనా? ఆయన రోజు కూలీలో సగం పెట్టి నన్ను లా చదివించేడు. నామీద నమ్మకం లేక కాదు. గుమ్మంలోకి ఉత్తచేతులతో వెళ్లడం తెలీదు మా నాన్నకి. నాకు అర్థమవుతోంది. ఆడిటరుకి అర్థం కాదు. తొమ్మిదో నిబంధనకి అసలే అర్థం కాదు."

"మరి ఏం చేద్దామండీ?"

"రాద్దాం. ఒకటో నెంబరు ఇదే. 'ఆలస్యంగా నమోదు.' ఇచ్చినవారు, లాజరు. వారి సంబంధం, లీగల్ ఆఫీసరు శారోన్ తండ్రి."

"అమ్మా..."

"వస్తువు, పనసపొట్టు, సంచి ఒకటి. సందర్భం, కూతురి ఇంటర్వ్యూ."

"కొంచెం ఆగండమ్మా."

"పుచ్చుకున్నవారు, ఎండీ మణికంఠ గారు. అయిపోయింది."

"రాసేసేరా?"

"రాసేసేను. రెండింటికి నేనే చూపిస్తాను. మూడో స్లైడు తీసేస్తాను. పైన నా బల్ల దగ్గర సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. బైబిలు, టిఫిను డబ్బా, నలభై పేజీల పాలసీ కాపీలు నూట పది. అవి మాత్రం ఎవరైనా సాయం పట్టాలి."

"శారోనమ్మా."

"చెప్పండి."

"వైట్‌నరు ముట్టుకోవద్దన్నారు కదా ఇందాకా."

"అన్నాను."

"ఒక్క గీత కొట్టాలి, కింద ఉన్నది కనబడాలి అన్నారు."

"అన్నాను. ఇప్పుడు అదెందుకు?"

"ఎవరి తప్పయితే వాళ్లు పక్కన సంతకం పెట్టాలన్నారు."

"బాబాయ్ గారూ, నాకు టైము లేదు. ఏంటి సంగతి?"

"ఆ పెన్ను ఇలా ఇవ్వండి. ఎండీ గారింట్లో పనస ముట్టరండి, ఆయనకి పడదు. లాజరు అంత ఆశగా సంచి పట్టుకుని నిలబడితే ఆ మాట చెప్పలేకపోయేను. లోపలికి పంపలేదు. సాయంత్రానికి నల్లబడిపోద్దని ఇంటికి పట్టికెళ్లిపోయేను. పుచ్చుకున్నవారి గడిలో ఆయన పేరు కొట్టేసి నా పేరు రాస్తున్నానమ్మా. ఆవ పెట్టి వండించుకున్నాం, ఆరేళ్లూను."