అల్లం చేన్ల ఇంగ్లిష్ క్లాసు

వద్దు ప్రిన్సిపాల్ సార్, కుర్సీ వద్దు. నిలబడే మాట్లాడుత. పొద్దుగాల తొమ్మిదింటి నుంచి నాలుగు దాక నిలబడేదాన్నే కద, ఇంకో పది నిమిషాలకు నా కాళ్లేం అరిగిపోవు.

ఏం రాసిన్రు ఈ కాయితంల? ఉండుండ్రి, చదువుత. "నాలుగో తరగతి అక్షత బడి పరువు తీయాలని కావాలనే రాసింది. దీంతోని నాకు ఏ సంబంధం లేదు." కింద నా పేరు, నందిని, ఇంగ్లిష్ టీచర్. అబ్బ, ఎంత సౌలత్! నేను సంతకం పెడ్త, మీరు ఆమెకు టీసీ ఇస్తరు, నా నౌకరీ ఉంటది. అంతేనా?

తొమ్మిదేండ్ల పిల్ల సార్! బడి పరువు ఆమె పెన్సిల్ కొసకు యాలాడుతున్నదా? అట్లయితే మన పరువు మస్తు తేలిక. జర బరువు పెంచుకోవాలె.

ఏం నేర్పినవ్ అని అడిగిన్రు కద. చెప్త. నీలం చీటీల మీద 'ఎవరు', పసుపు చీటీల మీద 'ఏం చేస్తరు'. పిల్లలు రెండు చీటీలు పక్కపక్కకు పెట్టి ఒక వాక్యం చేస్తరు. రెండు వాక్యాలైనంక నడుమ 'అండ్' పెట్టి అతికిస్తరు. గంతే. దీంట్ల బాంబులు తయారుజేసుడు ఎక్కడ కనవడ్డది మీకు?

పుస్తకంల ఏమున్నది? టామ్ మంచుల ఆడుతడట. జహీరాబాద్‌ల మంచు ఏడిది సార్? నవదీప్ లేచి, "టీచర్, ఐస్ గోలా బండి మీద ఉంటది, అదేనా?" అన్నడు. ఆ ముచ్చట నేను మీకు చెప్తెనే కద, మీటింగుల టేబుల్ గుద్ది మరీ అన్నరు: "పుస్తకంల వాక్యాలు వద్దమ్మా, పిల్లల బతుకులకెల్లి తియ్యిండ్రి" అని. నేను చప్పట్లు గూడ కొట్టిన.

తీసిన్రు సార్. వాళ్ల బతుకులకెల్లే తీసిన్రు. వాటిల్ల మీరు కనవడ్డరు. నేనేం చెయ్యాలె?

నవదీప్ ఏం రాసిండో యాదున్నదా? 'మై ఫాదర్ డ్రైవ్స్ ఎ లారీ అండ్ మై మదర్ షౌట్స్.' అందరు నవ్విన్రు, వాళ్లమ్మ గూడ నవ్వింది. వానికి టీసీ లేదేం?

అక్షతది... అవు, నోటికే వస్తది నాకు. 'సార్ సిట్స్ ఇన్ ది చెయిర్ అండ్ వి డిగ్ జింజర్.' సార్ కుర్సీల కూసుంటడు, మేము అల్లం తవ్వుతం. ఒక్క తప్పు లేదు. స్టార్ పెట్టిన. పెట్టొద్దా?

ఓపెన్ హౌస్ నాడు విద్యాశాఖ పెద్దసారును, పిల్లల వాక్యాలు అంటించిన చార్ట్ ముందటికి తోల్కొచ్చింది ఎవరు? మీరే. "మా పిల్లల ఇంగ్లిష్ సూడుండ్రి" అని మైకు చేతికిచ్చింది ఎవరు? మీరే. ఆయన కండ్లద్దాలు సవరించుకొని గొంతెత్తి చదివె. కుర్సీ దాక నవ్వుకుంట చదివె, అల్లం కాడ మీ దిక్కు సూసె. అక్షత వాళ్ల నాయిన శరణప్ప న్యాల్‌కల్ కెల్లి బస్సెక్కి వచ్చిండు పాపం. "ఏమన్నడు, ఏమన్నడు?" అని పక్కాయనను అడిగె. ఆయన చెప్పె. ఇగ అప్పటిసంది శరణప్ప ఒక్కటే మాట: "నా బిడ్డను బడికి తోలిన్నా, కూలికి తోలిన్నా?"

నేచర్ స్టడీ అంటరా? అవునవును, నేచర్ స్టడీయే. కోహీర్ తొవ్వల, మీ సొంత అల్లం చేన్ల. కూలోళ్లు రాని నాడే, సరిగ్గ ఆ నాడే, మనకు నేచర్ మీద అంత ప్రేమ పుట్టింది! ముప్పై మంది పిల్లలు, మూడు గంటలు, ఎండల. తవ్వుడు, మన్ను దులుపుడు, సంచుల నింపుడు. మధ్యల బిస్కెట్ పాకెట్లు ఇచ్చిన్రు, అది గూడ చెప్పాలె, లేకుంటె పాపం తగులుతది. అక్షత గోర్ల సందుల మన్ను రెండు దినాలు పోలే.

ఏందీ? కాలేజీ డిబేట్ల లెక్క మాట్లాడుతున్ననా? మాట్లాడుత సార్. మూడేండ్లు వరుసగ గెలిచిన. బాలల హక్కుల మీద ఎనిమిది నిమిషాలు, చేతిల కాయితం లేకుంట! ఆ కప్పుల మా అమ్మ ఇప్పుడు లవంగాలు పోస్తది.

మరి చేన్ల నేనేం మాట్లాడిన? మీకు యాదికి లేదు. నాకున్నది. "ఇటు సూడుండ్రి, స్మైల్" అన్న. గంతే. ఫోటోలు దీసి 'హ్యాపీ లిటిల్ ఫార్మర్స్' అని గ్రూపుల పెట్టింది నేనే. మీరు బొటనవేలు బొమ్మ పెట్టిన్రు. నాకు ఎంత సంబురమాయెనో!

ఇగో, ఇది సూడుండ్రి. ఐదు దినాలసంది నా పర్సుల తిరుగుతున్నది ఈ ముక్క. అక్షత రెండు కాదు సార్, మూడు అతికిచ్చింది. కొసకు ఇంకోటి ఉండె: 'అండ్ టీచర్ సేస్ స్మైల్.'

చార్ట్ మీద అంటించే ముందు కత్తెర పట్టుకొని నేనే కోసేసిన. "టీచర్, నాది మొత్తం అంటియ్యరా?" అని అడిగింది పిల్ల. "జాగ లేదు బిడ్డా" అన్న. జానెడు జాగ ఉండె సార్.

మీ ముక్క ఎందుకు ఉంచిన్నంటే... ధైర్యమనుకునేరు. కాదు. మీరు చార్టులు చదవరని.

ఈ కాయితం మీరే పెట్టుకోండ్రి. నేను సంతకం పెట్ట. నేను రాసియ్యకుంటె శరణప్ప ముందట టీసీ పెట్టే దమ్ము మీకు లేదు, అది నాకు ఎర్కే. బయట బల్ల మీద బిడ్డను పట్టుకొని కూసున్నడు. పోయి మొత్తం వాక్యం చదివి చెప్త, ఈ ముక్కతోని సహా.

చెప్పు తీస్తె తీస్తడు. మొదలు నాకే పడాలె. తర్వాత మీ రూము ఎటు అని అడిగితె, తొవ్వ సూపిస్త.