చీటీ వెనక

రాజమండ్రిలో ఒక ఆసుపత్రి, అత్యవసర విభాగం. ఎక్స్‌రే తీయించుకుని వచ్చిన అచ్చిబాబు, ఫిజియోథెరపిస్టు సత్యశ్రీ.

“ఎముక విరగలేదండి. మణికట్టు బెణికిందంతే. వేళ్ళు ముడవండి.”

“ముడిచాను. ఎన్నాళ్ళకి తగ్గుద్దో మాత్రం చెప్పకు.”

“అది చెప్పడమే నా పనండి.”

“చెప్పొద్దంటున్నాను కదా.”

“సరే. ఎలా పడ్డారు?”

“గంజి వారుస్తుంటే జారాను.”

“వంట మీరే చేసుకుంటారా? ఇంట్లో ఇంకెవరూ లేరా?”

“దెబ్బ తగిలింది చేతికి. ఇంటి సంగతి నీకెందుకు?”

“ఒక్కరే ఉండేవాళ్ళకి తగ్గడం ఆలస్యమవుతుంది బాబాయ్‌గారూ. అవన్నీ అడిగాకే అంచనా వేస్తాం.”

“మా ఆవిణ్ణీ ఇలాగే అడిగావు. నవ్వుతూ.”

“ఎవరండీ?”

“వీరవేణి. మాది కొవ్వూరు పక్కన. పోయిన శ్రావణంలో కాలవ రేవులో జారి మడమ బెణికించుకుంది.”

“రోజుకి ఎంతమందో వస్తారండి. గుర్తు లేదు.”

“నాకు గుర్తుంది. కట్టు కట్టి, మూడు వారాల్లో నడిచేస్తుందన్నావు. తేదీ వేసి మరీ ఇచ్చావు. ఇదిగో చీటీ. రాత నీదేనా?”

“నాదే. నడిచారా?”

“నడిచింది. ఇరవై రెండో రోజున. స్టవ్ దాకా. అక్కడే పడిపోయింది. కాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు.”

“అయ్యో...”

“అయ్యో అనకు. మూడు వారాలని ఎందుకు రాశావు?”

“చాలామందికి అంతే పడుతుందండి. అంచనా అది. గడువు కాదు.”

“మాకు అంచనాలు తెలీవు. తేదీ తెలుసు.”

“చీటీ వెనక్కి తిప్పండి.”

“వెనకేముంది?”

“ఇటు. తెలుగులోనే రాశాను, చూడండి. పిక్క వాచినా, నొప్పి ఎక్కువైనా, రోజులు చూడకుండా వెంటనే రమ్మని.”

“...ముందువైపే చూశాను. క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టాను.”

“ఆవిడకి పిక్క వాచిందా?”

“కట్టు బిగించమ్మా. బస్సుకి టైమైంది.”

“వాచే ఉంటుందండి. నొప్పీ ఉండే ఉంటుంది.”

“బస్సుందన్నానా.”

“ఒక్క మాట చెబితే మీరు తీసుకొచ్చేవారు కదా! ఆడవాళ్ళు ఇంతేనండి, లోపల లోపల ఓర్చుకుని—”

“ఆవిణ్ణేం అనకు.”

“అనడం లేదండి. చెప్పుంటే బతికేవారని—”

“చెప్పింది.”

“ఎవరికి?”

“నాకే. నాలుగు రోజులు చెప్పింది. మూడు వారాలూ అయిపోయాయి, నాటకాలు చాలించి లేచి కాఫీ పెట్టమన్నాను.”