ఆఖరు ఎవరండీ?

పరీక్షకి వెళ్ళనే లేదు, పాస్ చేసేశారు. ఇదెక్కడి న్యాయం తాతయ్యా?

వెళ్ళలేదంటే, వెళ్ళాను. ఆ బిల్డింగుకి వెళ్ళాను. ఆ వరండాలో కూర్చున్నాను. ఆ గదిలోకి మాత్రం వెళ్ళలేదు. పేరు మూడుసార్లు పిలిచారట. గైర్హాజరు అని రాసేశారు కూడా. రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన పాస్ అని రాశారు. అలా కొట్టెయ్యొచ్చా? మీరు షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్ళు క్రేన్ నడిపారు కదా, రానివాడికి హాజరు వేసేవాళ్ళా మీ దగ్గర?

వేసేవాళ్ళేలెండి. మీ కాదిస్ ఊరి సంగతి నాకు తెలీదా.

సరే, సరే, మెల్లిగానే మాట్లాడతాను. మీ ఆవిడ కునుకు తీస్తున్నారు. భోజనం అవగానే తలుపు దగ్గరికి వేసి, రేడియో పెట్టుకుని పడుకుంటారు కదా. ఆ రేడియో గొణుగుతుంటే నా మాట ఆవిడకి వినపడదు, ఆవిడ గురక నాకు వినపడదు. పాపం, మీకే రెండూ.

అయినా ఈ ఏర్పాటు ఆవిడదే. రెండేళ్ళ కిందట నేను బుఖారా నుంచి వచ్చి ఈ ఇంట్లో దిగినప్పుడు నాకొచ్చిన స్పానిష్ ఎంత? నమస్కారం, నీళ్ళు, కిటికీ. నేను నోరు తెరిచి వెతుక్కునేలోపు దోన్యా కాందెలారియా గారే నా మాట పూర్తి చేసేసేవారు. వారం రోజులు చూసి, విసుగొచ్చి, టెలిఫోన్ బల్ల మీద ఉన్న మీ ఫోటో ముందు కుర్చీ వేశారు. "నాకు ఓపిక లేదు తల్లీ. ఇదిగో, ఈయన మా ఆయన, డాన్ సెర్వాందో. ఈయనతో మాట్లాడుకో. నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా నా మాటకి అడ్డు రాలేదు. నీకూ రాడు."

రాలేదు. నేను క్రియలన్నీ తలకిందులు చేసినా మీ మీసం కదల్లేదు. అందుకే మిమ్మల్ని మీ ఊరి మర్యాదకి డాన్ అనకుండా తాతయ్యా అనడం మొదలుపెట్టాను. మీరేమీ అనుకోలేదు. అనుకున్నా చెప్పలేదు.

మీకు చెప్పనిదేముంది అసలు? మేడ మీద ఆరేసిన నా మేజోళ్ళని తూర్పు గాలి ఎత్తుకుపోయి పక్కింటి పావురాల గూటిలో పడేసిన రోజు చెప్పాను. పొద్దున్నే గిన్నెలో గ్రీన్ టీ పోసుకుంటే మీ ఆవిడ గుమ్మంలోంచి "మళ్ళీ కడుపునొప్పా?" అని అడగడం చెప్పాను. రెండేళ్ళయినా అడుగుతూనే ఉన్నారు. టీ అనేది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తాగేది కాదని ఆవిడ గట్టి నమ్మకం.

బస్సులో రొట్టె సంగతి గుర్తుందా? అప్పటికి వచ్చి నెల కూడా కాలేదు. పక్కసీటు పెద్దావిడ పొట్లం విప్పింది. రొట్టె మధ్యలో గుడ్డూ బంగాళాదుంపా వేసిన అట్టు, వాసనకే ప్రాణం లేచొస్తోంది. నా వైపు తిరిగి, "తింటావా అమ్మా?" అంది. మా ఊళ్ళో రొట్టె చూపించి తినమంటే వద్దనడం మహాపరాధం. తీసుకున్నాను. సగం తుంచి తీసుకున్నాను.

ఆవిడ మిగిలిన సగం వైపు చూసుకుంది. వెనకసీటు ఆయన పేపరు దించాడు. బస్సంతా నా దవడల వైపే చూస్తోంది. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, సంచిలోంచి అరటిపండు కూడా తీసిచ్చింది.

ఇంటికొచ్చి చెప్తే మీ ఆవిడ నవ్వి నవ్వి చెప్పులు జారిపోయాయి. "అది అడగడం వరకే పిల్లా. వద్దండీ, మీరు తినండి అనాలి."

"వద్దంటారని తెలిసి అడగడం ఎందుకు?"

"అడక్కుండా తింటే ఏం బాగుంటుంది?"

అదుగో, అలా నేర్చుకున్నాను. పుస్తకంలో ఉండవు కదా ఇవి.

అన్నిటికంటే ఆలస్యంగా బుర్రకెక్కింది వరస. మార్కెట్లో చేపలమ్మే చారీ బల్ల ముందు ఎవరూ లేరనుకుని నేరుగా వెళ్ళి నిలబడ్డాను. అంతే, నాలుగు వైపుల నుంచీ కేకలు. ఆలివ్‌ల కొట్టు దగ్గరొకావిడ, బెంచీ మీద ఇద్దరు, కాఫీ గ్లాసుతో ఒకాయన, మాంసం కొట్టు దాకా ఉంది ఆ వరస. చారీ కత్తి గాల్లో ఆపి, "ఒసేయ్ పిల్లా, వీళ్ళంతా నీకు స్వాగతం చెప్పడానికి వచ్చారనుకున్నావా?" అంది.

వచ్చీ రాగానే గట్టిగా అడగాలి: ఆఖరు ఎవరండీ? ఎక్కడో ఒక చెయ్యి లేస్తుంది. ఆ మొహం గుర్తు పెట్టుకుంటే చాలు. ఇక నీ ఇష్టం, కూర్చో, కబుర్లాడు, కాఫీకి వెళ్ళు. ఒక్క మాట చెప్పి వెళ్తే నీ చోటు నీదే. బుఖారాలో వరస ఎవరి మోచెయ్యి ఎంత ముందుంటే అంత. మోచేతుల్లో కాకుండా గుర్తులో నిలబడే వరస ఉంటుందని నాకెవరు చెప్పారు? నాకెంత నచ్చిందంటే తాతయ్యా, మందుల షాపులో అడిగాను, బ్యాంకులో అడిగాను, నా మతం కాని చర్చిలో పాపాలు చెప్పుకునే పెట్టె దగ్గర కూడా అడిగాను. నిద్రలో కూడా అడిగానట, మీ ఆవిడ చెప్పారు.

ఆ అడగడమే ఇవాళ కొంప ముంచింది. ముంచాలి. ముంచలేదు. అదీ నా ఏడుపు.

చూడండి, లెక్క మీకు తెలుసు. పాసైతే శనివారం విమానం. మా పెద్దమ్మ తన అతిథి గృహం బోర్డు మీద 'ఇక్కడ స్పానిష్ మాట్లాడతాం' అని ఏప్రిల్లోనే రంగులతో రాయించేసింది. మాట్లాడే 'మేం' అంటే నేనొక్కదాన్నే. వచ్చే నెల పదోతారీకు పద్నాలుగు మంది మీ దేశం వాళ్ళు దిగుతున్నారు. పాస్ కాకపోతే సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా వీసా ఉంటుంది, ఈ గది ఉంటుంది, మీ ముందు ఈ కుర్చీ ఉంటుంది.

పది గంటలకి మాట్లాడే పరీక్ష. వరండాకి కుడివైపు తలుపు మాది. ఎడమవైపు తలుపు ముసలివాళ్ళకి బస్సు పాసులిచ్చే ఆఫీసు. మధ్యలో బెంచీలు. నేను వెళ్ళాను, అలవాటు కదా, అడిగాను. "ఆఖరు ఎవరండీ?" ఒకాయన చెయ్యెత్తారు. పేరు ఎలాదియో, మోకాళ్ళ నొప్పులు, ముగ్గురు మనవరాళ్ళు. ఆయన పక్కన కూర్చున్నాను. ఎదురుగా మా క్లాసు పోలండ్ అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ, ఇదేంటి ముసలాయనతో ముచ్చట్లు అన్నట్టు చూస్తోంది. దానికేం తెలుసు పాపం, ఇంకా మార్కెట్‌కి వెళ్ళదు, అన్నీ సూపర్‌మార్కెట్లోనే.

"నేను కాఫీ తాగొస్తానండీ," అన్నాను.

"వెళ్ళిరా తల్లీ. నీ చోటు నా దగ్గరుంటుంది."

తాగాను. టమాటా రుద్దిన రొట్టె కూడా తిన్నాను, తీరిగ్గా. వచ్చేసరికి ఆయన లేచి ఎడమ తలుపులోకి వెళ్తున్నారు. ఆయన తర్వాత నేనే కదా. వెళ్ళాను. బల్ల వెనకావిడ తలెత్తకుండా, "పుట్టిన సంవత్సరం?" అంది. చెప్పాను. అప్పుడు తలెత్తింది. "ఈ పాసుకి నువ్వింకా నలభై రెండేళ్ళు ఆగాలమ్మా."

బయటికొచ్చేసరికి కుడి తలుపు మూసేశారు.

అయిపోయింది కదా? ఇంటికి వచ్చెయ్యచ్చు కదా? మీ ఊరివాళ్ళు రానిస్తేనా. ఎలాదియో గారు నా చెయ్యి పట్టుకున్నారు. వెనకే పాసుల కోసం వచ్చిన నలుగురు ముసలమ్మలు. తలుపు తట్టలేదు, తోశారు. లోపల పరీక్ష పెట్టే బెగోన్యా మేడమ్ కాగితాలు సర్దుకుంటున్నారు. మీ దేశంలో ఉత్తరాది మనిషి, నవ్వితే పళ్ళు అరిగిపోతాయనుకునే రకం.

"ఈ పిల్ల నా వెనక వరసలో ఉంది. వీళ్ళంతా సాక్ష్యం," అన్నారు ఎలాదియో.

"ఆ వరస వేరండీ."

"వరసంటే వరసే. ఈ ఊళ్ళో ఎన్ని రకాలున్నాయి వరసలు?"

"మీ ఊళ్ళో అలా ఏమోగానీ, మా దగ్గర..."

"మీ దగ్గర సంగతి మీ దగ్గర. పిల్లకి మర్యాద నేర్పింది మేము. నేర్చుకున్నందుకు తప్పిస్తారా?"

నేను ఊరుకున్నానా? ఊరుకోవాల్సింది. "మేడమ్, ఈయన మాట వినకండి, తప్పు నాదే," అని మొదలుపెట్టాను. పేరు మూడుసార్లు పిలిచారు, ఇంకేం చెయ్యాలి మీరు, అన్నాను. టైముకి వచ్చి గోళ్ళు కొరుక్కున్నవాళ్ళు ఏమైపోవాలి, అన్నాను. ఎలాదియో గారూ, మీరు మంచివారే గానీ ఇందులో మీకు తెలియని నియమాలున్నాయి, అన్నాను. ఆయన ఒకటంటే నేను రెండన్నాను. ఒక ముసలమ్మ బుగ్గన వేలేసుకుని, "ఇదెక్కడి పిల్లే, తన మీద తనే కేసు వాదిస్తోంది," అంది. ఆవిడకీ జవాబు చెప్పాను. నాకు సెప్టెంబరే న్యాయం మేడమ్, దయచేసి సెప్టెంబరే ఇవ్వండి, అన్నాను.

బెగోన్యా మేడమ్ గడియారం చూసుకుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. కలం తీశారు.

"పన్నెండు నిమిషాలు మాట్లాడాలి. నువ్వు ఇరవై రెండు మాట్లాడావు. ఇద్దరితో వాదించావు, ఒకాయన్ని నొప్పించకుండా కాదన్నావు, నన్ను బతిమాలావు. ఇంతకంటే నేను అడిగేదేం లేదు."

"మేడమ్, గైర్హాజరు అని రాశారు కదా."

"కొట్టేస్తాను."

నవ్వారు కూడా. పళ్ళు బాగానే ఉన్నాయి.

వరండాలో చప్పట్లు. ముసలమ్మలందరూ రెండు బుగ్గల మీదా ముద్దులు. ఎలాదియో గారు తన సంచిలోంచి కాగితంలో చుట్టిన రెండు చేపలు తీసి, "మా ఆవిడకి చెప్పకు" అని నా చేతిలో పెట్టారు. అవే ఇందాక మీ ఆవిడ వేయించింది.

చెప్పాను ఆవిడకి, మొత్తం. బస్సు పాసు దగ్గర ఎంత నవ్వారో. ఆ తర్వాత "అయితే శనివారమా?" అన్నారు. శనివారమే, అన్నాను. "గాలి లేస్తుందట. దుప్పట్లు శుక్రవారం లోపే ఉతికెయ్యాలి," అన్నారు. అంతే. నా పళ్ళెంలో చేప తీసుకుని ముళ్ళన్నీ ఏరి ఇచ్చారు. రెండేళ్ళలో ఎప్పుడైనా ఏరారా తాతయ్యా? నేర్చుకో, ముల్లు గుచ్చుకుంటే నీకే తెలుస్తుంది, అనేవారు.

ఒక సంగతి చెప్తాను. మీసం కదపకండి.

ఆ చేపల సంచి. పొద్దున ఆయన చెయ్యెత్తినప్పుడు రెండో చేతిలో ఉంది. నీళ్ళు కారుతున్నాయి, తోకలు బయటికి కనపడుతున్నాయి. చేపల సంచితో ఎవడైనా స్పానిష్ పరీక్షకి వస్తాడా? అందులోనూ కాదిస్‌లో పుట్టి, డెబ్భై ఏళ్ళు దాటినవాడు?

చూశాను. చూసి, తెలిసే ఆయన వెనక వరసలో చేరాను. కుడి తలుపులోంచి నా పేరు పిలవడం మొదటిసారి విన్నాను కూడా. అప్పుడే కాఫీకి లేచాను.

అదండీ. తప్పిపోదామని నోరు విప్పితే ఆ నోరే పాస్ చేయించింది. ఎవరిని అనాలి? మిమ్మల్నే అనాలి, రెండేళ్ళు అడ్డు రాకుండా విన్నందుకు.

ఉండండి.

రేడియో మోగడం లేదు.

ఇందాకటి నుంచీ మోగడం లేదా? అసలు ఆవిడ పెట్టారా ఇవాళ? మీకు తెలిసే ఊరుకున్నారా?

సరే. అయితే కొంచెం గట్టిగానే చెప్తాను, వినేవాళ్ళు విననీ. సెప్టెంబరులో ఈ గదికి ఇంకో అమ్మాయి వస్తుంది. రావాలి, గది ఖాళీగా ఉంటే ఈ ఇంట్లో టీ తాగేవాళ్ళు ఉండరు. వచ్చి, ఈ కుర్చీలో కూర్చుని, ఆఖరు ఎవరండీ అని అడిగితే, నా పేరు చెప్పండి తాతయ్యా. బర్చిన్ అని చెప్పండి. వెళ్ళిపోయిందని చెప్పకండి. కాఫీకి వెళ్ళిందని చెప్పండి. చెప్పి వెళ్ళిందని, చోటు మీ దగ్గర ఉందని.

అదుగో. ఇప్పుడు పెట్టారు రేడియో.