ఇంధనాచార్యులవారు ఒప్పుకోని అబద్ధం

పందొమ్మిది వందల తొంభై రెండు జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం నేల మీదే విమానం నడపడం నేర్పే మా సిమ్యులేటర్ విభాగంలో జూనియర్ ఇంజినీరుగా అడుగుపెట్టి, నేటి పదవీ విరమణ వరకు ఒకే కిటికీ పక్కన కూర్చుని, తాము నేల విడవకుండానే ఎందరికో ఎగరడం నేర్పిన మా పెద్దలను మేమందరం చనువుకొద్దీ ఇంధనాచార్యులని పిలుచుకుంటాము. ముఖస్తుతి వారికి బొత్తిగా గిట్టదు. ఇది అచ్చయ్యాకే చదువుతారు కనుక నాకీ ధైర్యం.

తొలి సంవత్సరాలు కాక్‌పిట్ వైరింగుతోనూ, మొరాయించే దీపాలతోనూ గడిచాక, వారికి ఇంధన వ్యవస్థను కంప్యూటర్‌లో రూపొందించే బాధ్యత లభించింది. జెట్ విమానం తలకిందులుగా నిలకడగా ఎగిరితే ఇంధనం ట్యాంకు పైభాగానికి చేరుతుంది, అడుగునున్న పంపుకు గాలే మిగులుతుంది. ఇంజిన్ దగ్గరి చిన్న ట్యాంకులోని నిల్వ కొన్ని సెకన్లు ఆదుకుంటుంది, ఆ తరువాత ఇంజిన్ ఆరిపోతుంది. మా పాత సిమ్యులేటర్లలో గంటసేపు తలకిందులుగా ఉన్నా ఇంజిన్ చెక్కుచెదిరేది కాదు. అది అబద్ధమని, అబద్ధం మీద శిక్షణ నిలవదని వారి వాదం.

అలా వారు రూపొందించిన కొత్త సిమ్యులేటర్‌ను పరీక్షించడానికి పైలట్ల శిక్షణాలయం నుండి ముఖ్య శిక్షకులు వచ్చారు. వచ్చీ రాగానే విమానాన్ని గాలిలో పీపాలా గుండ్రంగా ఒక్క చుట్టు తిప్పారు. ఇంజిన్ ఆగిపోయింది.

"ఇదేంటండీ? నిజం విమానంలో రోజూ ఇలాగే తిప్పుతాం, ఎప్పుడూ ఆగలేదే! ఆ ఇంధనం గొడవ తీసి పారేయండి," అన్నారాయన.

"తీసేయండి, పీడా విరగడవుతుంది. ఎల్లుండి అప్పగించాలి," అని మా నాటి విభాగాధిపతి వంత పాడారు.

"తప్పుంటే దిద్దుతాను సార్. తీసేస్తే మాత్రం, ఎంతసేపైనా తలకిందులుగా ఉండొచ్చని పిల్లలకి మనమే నేర్పినట్టు. పైకెళ్ళాక వాళ్ళ చెయ్యి మనం నేర్పిందే చేస్తుంది. ఎల్లుండికి దిద్దలేకపోతే నన్నే తీసేయండి," అన్నారు మన ఆచార్యులు. అప్పటికి వారి ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. వారి శ్రీమతి, మా వదినగారు, ఇంకా తాత్కాలిక ఉపాధ్యాయిని.

ఆ సాయంత్రం వారు పెరట్లో చెంబు తలకిందులు చేయడం, నీళ్ళు పోవడం, మళ్ళీ నింపడం. హైస్కూల్లో సైన్సు చెప్పే వదినగారు కాసేపు చూసి, ఓర్పు నశించి, సగం నిండిన బకెట్టు అందుకుని తల మీదుగా గిరగిరా తిప్పారట.

"పడిందా ఒక్క చుక్క? తలకిందులైనా సరే, తిరుగుతున్నంతసేపూ నీళ్ళు అడుగునే అంటిపెట్టుకుంటాయి. ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పే పాఠమండీ ఇది!"

ఆఖరి చుట్టులో చెయ్యి నెమ్మదించి ఆచార్యులవారికి తలస్నానం అయిందని కూడా వినికిడి. మర్నాడు అందరి ఎదుటా, "విమానం తలకిందులైందా అని చూశాను గానీ, ఇంధనం ఎటు పోతోందో చూడలేదు. తప్పు నాది, పట్టుకున్నది మా ఆవిడ," అన్నారు. గడువులోగా దిద్దారు. అప్పటి నుండి గుండ్రంగా తిప్పితే ఇంజిన్ నడిచేది, తలకిందులుగా నిలిపితే ఆరిపోయేది. ముఖ్య శిక్షకులు ముభావంగానే సంతకం పెట్టి వెళ్ళారు.

తరువాత వారు విభాగానికి అధిపతులయ్యారు, మాబోటివాళ్ళను తీర్చిదిద్దారు. కిందటి సంవత్సరం ఒక మధ్యాహ్నం, వయసు మీదపడినా ఎగరడం మానని అదే శిక్షకులు చెప్పాపెట్టకుండా మా గదికి వచ్చారు. ఆ ఉదయం ఒక విద్యార్థినితో ఎగురుతూ, కొండల మీద తక్కువ ఎత్తులో విమానాన్ని తలకిందులుగా నిలిపించి, వెనక సీటులో పాఠం చెబుతూ సమయం మరిచిపోయారట. ఆజ్ఞ ఇవ్వకుండానే ఆ అమ్మాయి విమానాన్ని మళ్ళీ మామూలు స్థితికి తిప్పేసింది. ఆ ఎత్తులో ఇంజిన్ ఆరిపోతే మళ్ళీ వెలిగించే వ్యవధి ఉండదు.

"ఎందుకు తిప్పావమ్మా అంటే, 'సిమ్యులేటర్లో ఈపాటికి ఆగిపోతుంది కదా సార్' అందండీ. ఆ రోజు మీరు నా మాట విని తీసేసుంటే, ఇవాళ మా రెండిళ్ళల్లోనూ..." అన్నారాయన.

ఎంతటి చీవాట్లకూ తొణకని మన ఆచార్యులు కళ్ళు తుడుచుకున్నారు. "కూర్చోండి, టీ చెప్తాను," అన్నారు.

వారూ, వదినగారూ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి. ఆ అమ్మాయి జుట్టు నెరిసి, ఎగరడం చాలించి, తన పదవీ విరమణ సభలో మాట్లాడే నాడు, ముందు వరుసలో కూర్చుని వారిద్దరూ వినాలి.