చొక్కా చేతుల మీద ఉప్పు

"ఆ సంచి అక్కడ పెట్టకు డ్రైవరూ, పొయ్యి సెగ తగుల్తుంది. ఇటు, ఈ బల్ల మీద, నీడలో పెట్టు. ఆఁ, అలాగ. ఇప్పుడు చెప్పు, దీన్ని తీసుకెళ్ళి ఏం చేస్తావు?"

లిఫ్టు బాబాయ్ ఒక ప్రశ్నతో మొదలుపెట్టాడంటే ఇంకో రెండు టీలయ్యేదాకా ఎవరూ లేవరని ఆ కొట్టులో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళు పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసిన మనిషి. లిఫ్టులు వదిలేశాక మాటలు పట్టుకున్నాడు, అవీ పై అంతస్తులకే పోతాయి. అందుకే పక్క లాండ్రీ షాపతను మధ్యమధ్యలో "ఇప్పుడు ఎన్నో అంతస్తులో ఉన్నాం బాబాయ్?" అని అడుగుతుంటాడు. టీ కొట్టు నడిపేది బాబాయ్‌కి స్వయానా బావమరిది, నాలుగు నెలల కింద పోయిన భార్యకి తమ్ముడు. అతను మాత్రం ఏమీ అడగడు. గ్లాసులు కడుక్కుంటూ ఉంటాడు.

ఆ రోజు సంచి తెచ్చింది సిటీ బస్సు డ్రైవరు. గాలి నింపి మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో, సగం నీళ్ళలో, బొటనవేలంత పసుప్పచ్చ చేప. ఇంట్లో కూతురికి ఉప్పునీళ్ళ తొట్టి ఉంది, అందులో మూడేళ్ళుగా పెంచుకుంటున్న, నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలుండే జోకరు చేపల జంట ఉంది.

"పాప నాలుగింటికి బడి నుంచి వస్తుంది బాబాయ్. ఈలోపు తొట్టిలో వేసేస్తాను. వచ్చి చూసి గంతులేస్తుంది," అన్నాడు డ్రైవరు.

"వేసేస్తావా? తెచ్చింది తెచ్చినట్టే?"

"షాపువాడు ఏం ఫరవాలేదన్నాడు."

"షాపువాడు అమ్మేవాడయ్యా. అమ్మేవాడు ఏనాడైనా ఫరవా ఉందన్నాడా? కొత్త చేప ఒంటిని పట్టుకుని కంటికానని పురుగు వస్తుంది. వారం తిరిగేసరికి ఉప్పు చల్లినట్టు ఒళ్ళంతా తెల్లమచ్చలు. మొప్పల్లోకి పాకిందంటే ఊపిరాడదు. ఒకదానికొస్తే తొట్టి మొత్తానికి వచ్చినట్టే. అందుకని కొత్త చేపని ముప్పై రోజులు వేరే టబ్బులో, వేరే గదిలో పెట్టాలి. మందు వెయ్యాలి, చూడాలి, ఆగాలి. మీ పిన్ని ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేనూ ఇలాంటిదే ఒకటి తెచ్చాను. ఇదే రంగు. ముప్పై రోజులు ఆగానా లేదా? ఆగాను. పెద్ద గొప్పేం కాదులే, ఎవరైనా చేసేదే."

"ఇంకా కింది అంతస్తులోనే ఉన్నాం," అన్నాడు లాండ్రీ అతను.

"నువ్వుండవయ్యా. మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే, చేపలు మీ పిన్నివి, నీళ్ళు నావి. పదకొండేళ్ళుగా అంతే. పేర్లు పెట్టడం, మేత వెయ్యడం, ముద్దు చెయ్యడం ఆవిడ వంతు. బకెట్లు మొయ్యడం, మోచేతుల దాకా తొట్టిలో ముంచి గోకడం నా వంతు. ఉప్పు ఎంతుందో చూడ్డానికి జనం మీటర్లు కొంటారు, నేను కొనలేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే చాలు, చిటికెడు ఎక్కువైనా చెప్పేస్తాను. ఓసారి మీటర్లు తయారుచేసే కంపెనీ పెద్దమనిషి మా ఇంటికొచ్చి తన మీటరు పెట్టాడు, నేను నాలుక పెట్టాను. ఇద్దరికీ తేడా వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన మీటరు బద్దలుకొట్టి లోపల చూస్తే తప్పు మీటరుదే. అప్పట్నుంచి ఏడాదికోసారి ఫోను చేసి, నాలుక జాగ్రత్తండీ అంటాడు."

"ఆ నాలుక సంగతి నాకెందుకుగానీ," అన్నాడు లాండ్రీ అతను, "నీ చొక్కాలతో మాత్రం పదకొండేళ్ళు చచ్చాను బాబాయ్. చేతుల మీద ఉప్పు తెల్లగా అట్టకట్టి, ఇస్త్రీ పెట్టె కింద కరకరలాడేది. ఈ మధ్య ఆ బాధ లేదులే."

"నువ్వు సబ్బు మార్చి ఉంటావు," అని బాబాయ్ టీ ఒక గుక్క తాగి డ్రైవరు వైపు తిరిగాడు. బావమరిది కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు.

"ఎక్కడున్నాం? ఆఁ, టబ్బు. పాత చేపలు హాల్లో, కొత్తది వెనక స్నానాలగదిలో. టబ్బులో ఇసక లేదు, రాళ్ళు లేవు, దాక్కోడానికి రెండు ప్లాస్టిక్ గొట్టం ముక్కలు, అంతే. నాలుగో రోజుకి మచ్చలొచ్చాయి. నీకైతే కనపడవు, నేను లెక్కపెట్టాను, రెండొందల పదిహేడు. రాగి మందు వేశాను. వేసి చెవి నీళ్ళకి ఆనించాను. ఒక్కో పురుగూ చచ్చి అడుగున పడుతుంటే చప్పుడు, టప్పు, టప్పు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నాను. రెండొందల పదహారు పడ్డాయి, ఒకటి పడలేదు. ఆ ఒక్కదాని కోసం స్నానాలగది గడప మీద రెండు రోజులు కూచున్నాను. మూడో రోజు అదే విసిగిపోయి పడింది."

"పురుగుకే విసుగొచ్చింది, మనమెంత," అన్నాడు లాండ్రీ అతను. డ్రైవరు నవ్వాడుగానీ కళ్ళు సంచి మీదే ఉన్నాయి. చేప ఒక మూలకి పోయి, మళ్ళీ తిరిగి వస్తోంది.

"నవ్వండి. నవ్వితే నాదేం పోయింది. అసలు కష్టం పాత చేపలతో వచ్చింది. కొత్తది వచ్చిందని వాటికి తెలిసిపోయింది. పొద్దున నేను లేచేసరికి పంతొమ్మిదీ అద్దానికి ముక్కులానించి నిలబడేవి, ఎలా ఉందీ అన్నట్టు. ఇవాళ కాస్త మేత తింది అని చెప్తే గానీ కదిలేవి కావు. అక్కడికెళ్తే కొత్తదీ అంతే, హాల్లో వాళ్ళు ఏమనుకుంటున్నారూ అని. ఇక చూస్కో, ఈ గది కబురు ఆ గదికి, ఆ గది కబురు ఈ గదికి. మధ్యాహ్నం ఆస్పత్రికెళ్తే మీ పిన్నీ అంతే. మంచం మీద లేచి కూచుని, నా జోకర్లెలా ఉన్నాయి, మేత తిన్నాయా, నన్నడిగాయా అని. అడిగాయి అనేవాణ్ణి. నిన్న పెద్ద జోకరు నీళ్ళలోంచి తల పైకెత్తి వీధి తలుపు వైపు చూసిందే అనేవాణ్ణి. మర్నాడు ఇంకోటి చెప్పేవాణ్ణి. రోజుకోటి. ఆవిడకి అవి వింటే గానీ మందు దిగేది కాదు."

"బావా," అన్నాడు బావమరిది.

"ఉండరా. అసలుది ఇప్పుడే. ఏ జన్మలో చేసుకున్న పాపమో, ఒక రోజు కరెంటు పోయింది. ఆ పోవడం పోవడం తొమ్మిది రోజులు. ఉప్పునీళ్ళలో గాలి బుడగలు ఆగితే చేపలు ఎంతసేపుంటాయి? పూట గడవదు. అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నేనేం చేశాను? సన్న గొట్టం ఒకటి తీసుకుని ఒక కొన తొట్టిలో పెట్టి, రెండో కొన నోట్లో పెట్టుకుని ఊదాను. ఊదుతూనే ఉన్నాను. నోటికి ఈ పక్క గొట్టం, ఆ పక్క తిండి. ఫోనొస్తే ఊదుతూనే ఊఁ కొట్టాను. బుగ్గలు వాచి చెవులదాకా వచ్చాయి. ఆఖర్న నా ఊపిరి గది నిండిపోయి, కిటికీ అద్దాలు బయటికి ఉబ్బాయంటే నమ్ము. వీధిలో వాళ్ళు కిందనుంచి చూశారు. తొమ్మిది రోజులూ ఒక్క చేప తల వాల్చిందా? వాల్చలేదు."

"ఇది డాబా కూడా దాటిపోయింది," అన్నాడు లాండ్రీ అతను. "ఇంకా పైకెళ్తే పట్టుకోడానికేం లేదు బాబాయ్."

"ముప్పై రోజులయ్యాయి. కొత్తదాన్ని తీద్దామని చెయ్యి పెడితే రాదే. గొట్టంలో దూరి తల అడ్డంగా ఊపుతుంది. ఎందుకంటావా? ఇంకో పది రోజులుంటాను, ఆ పెద్దవాళ్ళకి నావల్ల ఏదన్నా అయితే నా ముఖం ఎవరికి చూపించను అని. అంత బుద్ధి దానిది. సరేనని ఇంకో పది రోజులు ఉంచి అప్పుడు హాల్లో తొట్టిలో వేశాను. అన్నీ రెండు వరసలుగా నిలబడి మధ్యలో దారిచ్చాయి. పెద్ద జోకరు ముందుకొచ్చి దాని ఒంటి చుట్టూ మూడుసార్లు తిరిగి వాసన చూసింది. బాగుంది, రా అంది. ఇవాళ్టికీ, ఈ క్షణానికీ, ఇరవై చేపలు మా హాల్లో మిలమిలా తిరుగుతున్నాయి. మీ పిన్ని ఇంటికి రాలేదనుకో, అది వేరే సంగతి. చేపలకేం లోటు చెయ్యలేదు నేను."

బాబాయ్ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ చాచాడు.

"కాబట్టి ఆ సంచి ఇటియ్యి. నీ దగ్గర వేరే టబ్బు లేదు, నాకు తెలుసు. నా స్నానాలగదిలో అంతా సిద్ధంగా ఉంది. ముప్పై రోజులు నా దగ్గర ఉంచి, కడిగిన ముత్యంలా నీకప్పగిస్తాను. పాపకి అప్పుడే చూపిద్దువుగాని."

కోతలు కోతలే గానీ తెల్లమచ్చల మాట డ్రైవరు మనసులో పడిపోయింది. పాప ఆ జోకర్లకి గుడ్ నైట్ చెప్పనిదే పడుకోదు. సంచి మూతి పట్టుకుని బాబాయ్ చేతుల్లోకి జరపబోయాడు. బావమరిది తడి చెయ్యి వచ్చి సంచి మీద పడింది.

"ఇవ్వకు," అన్నాడు డ్రైవరుతో. తర్వాత బాబాయ్ వైపు తిరిగాడు. "ఇక దిగు బావా."

"ఏంట్రా దిగేది?"

"ఆ టబ్బు పెట్టెకి కట్టిన తాడు ఇప్పటికీ విప్పలేదు. అక్క ఆఖరిసారి వాడి, కడిగి ఆరబెట్టి, వలా ఫిల్టరూ అన్నీ అందులోనే సర్ది కట్టిన తాడు. అక్క పోయిన రోజు బట్టల కోసం మీ ఇంటికొచ్చాను కదా, స్నానాలగదిలో కిటికీ కింద ఉంది. ఆ ముడి నాకు తెలీదా? చిన్నప్పుడు నా బూట్లకి కట్టిన ముడే. హాల్లో తొట్టి మీద దుప్పటి కప్పావు. ఎత్తి చూశాను. చుక్క నీళ్ళు లేవు. అడుగున తెల్లగా ఉప్పు, అంతే. ఈ చేపని తీసుకెళ్ళి ఎందులో వేస్తావు?"

లాండ్రీ అతను నవ్వడానికి తెరిచిన నోరు మూసుకున్నాడు. బాబాయ్ చాచిన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేంరా?"

"అక్క అడగొద్దంది."

"మీ అక్కకేం తెలుసు? నేను చెప్పందే."

"రెండో వారంలోనే తెలుసు. నేను ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళినప్పుడు చెప్పింది. మీ బావ చొక్కా చేతుల మీద ఉప్పు లేదురా, చేపలన్నీ పోయినట్టున్నాయి అంది. ఏడ్చింది కూడా. మరి అడుగక్కా, అబద్ధాలు చెప్తుంటే వింటూ కూచుంటావేం అన్నాను. అడిగితే రేపు ఏ ముఖం పెట్టుకుని వస్తాడురా, రానీ, చెప్పనీ అంది. నువ్వు చెప్పినవన్నీ సాయంత్రం మళ్ళీ నాకు చెప్పేది. పెద్ద జోకరు తలుపు వైపు చూసిందట్రా అని."

బాబాయ్ కుడి చేతి చొక్కా అంచు ఎడమ చేత్తో పట్టుకుని చూశాడు. మడతలు నలగని, శుభ్రమైన నీలం గుడ్డ. బొటనవేలితో దాన్ని రుద్దుతూ కూచున్నాడు. ఏడుపు వస్తోందని అందరికీ కనపడుతోంది, ఆయన దాచుకోలేదు. డ్రైవరు సంచి ఒళ్ళోకి తీసుకుని, అది వేడెక్కకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు.

"ఆ కొత్త చేపని బుధవారం తెచ్చాను," అన్నాడు బాబాయ్. "శుక్రవారం ఇంటికి పంపిస్తామన్నారు డాక్టర్లు. ఆవిడ తలుపు తీసేసరికి కొత్తది తొట్టిలో తిరుగుతుండాలి, అంతే నా కోరిక. ముప్పై రోజులెక్కడున్నాయి? తాడు విప్పుదామని కూచుని కూడా, ఒక్కసారికి ఏమవుతుందిలే అని లేచాను. సంచి కోసి హాల్లో తొట్టిలోనే వదిలేశాను. శుక్రవారం పంపలేదు. ఆ తర్వాత ఏ శుక్రవారమూ పంపలేదు."

"ఆ టబ్బు ఇతనికియ్యి బావా," అన్నాడు బావమరిది. "అన్నీ అందులోనే ఉన్నాయి."

బాబాయ్ తల ఊపి లేచాడు. డ్రైవరు కూడా సంచి పట్టుకుని లేచాడు.

"ముప్పై రోజులు," అన్నాడు బాబాయ్ అతనితో. "వేరే గది. వేరే వల. ఇందులో పెట్టిన తడి చెయ్యి అందులో పెట్టకు. పాప ఏడుస్తుంది, ఏడవనీ."

"అలాగే బాబాయ్." డ్రైవరు రెండడుగులు వేసి ఆగాడు. అడగాలో వద్దో తెలియనట్టు అడిగాడు. "మీవి ఎన్ని రోజులకి పోయాయి?"

"తొమ్మిది. జోకర్లు ఆఖర్న."

లాండ్రీ అతను తలెత్తి చూశాడు.

"కరెంటు పోలేదు," అన్నాడు బాబాయ్. "పురుగు మొప్పల్లోకెళ్ళింది. పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఏం చెయ్యాలో తెలీలేదు. గొట్టం పెట్టి ఊదింది మాత్రం నిజం."